ప్రేమావతి చేసిన ద్రాక్షారసం

తిరువూరులో ప్రేమావతి ఎవరని అడిగితే తెలియదనేవాళ్లు ఉండొచ్చు గానీ, 'నోరు తెరువమ్మ' ఎవరంటే ఆటోవాళ్లు కూడా ఇంటి ముందు దింపుతారు. ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు. క్షయ రోగుల చేత మాత్రలు మింగించే పనిలో చేరిన కొత్తల్లో వచ్చింది. మాత్ర చేతిలో పెట్టి, నీళ్లిచ్చి, గుటక పడ్డాక కూడా ఆమె ఊరుకునేది కాదు. "ఏదీ, నోరు తెరువు. నాలిక పైకెత్తు" అనేది. ఆసామీ అయినా అంతే, కూలీ అయినా అంతే. బుగ్గలో మాత్ర దాచుకుని సందు తిరగ్గానే ఉమ్మేసే ఘనులు ఎంతమంది ఉంటారో ఆ ఉద్యోగమే నేర్పింది ఆమెకి. మనిషి చెప్పినదాన్ని కాదు, మింగినదాన్ని నమ్మాలి అనేది ఆమె సూత్రం.

పుట్టింది వినగడపలో. అమ్మానాన్నా ఇద్దరూ పొలం పనులకి వెళ్లేవాళ్లు. మిషన్ హాస్టల్లో ఉండి పదోతరగతి గట్టెక్కింది. ఆర్టీసీ కండక్టరు జోజిబాబుని పెళ్లి చేసుకుని తిరువూరు వచ్చింది. అత్తగారు మాటకి కటువు, మనసుకి మెత్తన. "చదువుకున్నదానివి ఇంట్లో కూర్చుని ఏం వెలగబెడతావు?" అని కోడల్ని ఆవిడే ఉద్యోగానికి తోలింది. పెనుగొలను నుంచి విస్సన్నపేట దాకా ప్రేమావతి తిరగని పల్లె లేదు. షేర్ ఆటోలో డ్రైవరు పక్కన సగం సీటు మీద కూర్చుని, ఒడిలో మాత్రల సంచీ పెట్టుకుని తిరిగేది.

ఆ పనిలో ఆమెని కుంగదీసింది చనిపోయినవాళ్లు కాదు, బాగైనవాళ్లు. నెలల తరబడి మాత్రలు మింగి, బరువు పెరిగి, నవ్వుతూ ఫోటో దిగిన మనిషి ఏడాది తిరక్కుండా మళ్లీ మంచం పట్టేవాడు. ఇంటికి వెళ్లి చూస్తే మంచం కింద సీసాలు. ఒక జబ్బు చేత్తో ఎత్తిపోస్తుంటే రెండో జబ్బు కాలవలా వచ్చి పడుతోందని పై అధికారులతో పోట్లాడింది. అది మన శాఖ కాదమ్మా అన్నారు వాళ్లు. విజయవాడ నుంచి ఒక స్వచ్ఛంద సంస్థ తాగుడు మాన్పించే పని మొదలుపెట్టి మనుషుల్ని వెతుకుతుంటే, ఉన్న ఉద్యోగం వదిలి అందులో చేరిపోయింది. "తాగుబోతులతో నీకేం పని? కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" అన్నారు చుట్టాలు. ఆమె పట్టించుకుంటే కదా.

తాగుడు మానాలనుకున్నవాణ్ణి విజయవాడ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడం, తిరిగొచ్చాక నిలబెట్టడం ఆమె పని. నిలబెట్టడమంటే మందలించడం కాదు. విస్సన్నపేట తోటల్లో మామిడికాయ కోత అయ్యాక చెట్లెక్కినవాళ్ల చేతిలో తలా ఒక సీసా పెట్టడం మామూలు. ఆమె తోట తోటకీ వెళ్లి, "మీరు అభిమానంతోనే ఇస్తున్నారండి. కానీ ఆ అభిమానం వాళ్ల ఇళ్లలో ఏం చేస్తోందో వచ్చి చూడండి" అని చెప్పేది. కొందరు కసిరారు. కొందరు సీసా మాని కోడికూర భోజనం పెట్టడం మొదలుపెట్టారు. మానినవాణ్ణి మళ్లీ పనిలోకి తీసుకోమని మేస్త్రీల కాళ్లావేళ్లా పడేది. "తాగుబోతు అనకండి. జబ్బు చేసి కోలుకుంటున్న మనిషి అనండి" అని మైకు పట్టుకుని చెప్పేది. రోజూ పొద్దున్నే ఆమె వరండాలో మనుషులు చేరేవాళ్లు. అక్కడ నిష్ఠూరాలుండేవి, నవ్వులుండేవి, ఒక్కోసారి మగవాళ్ల ఏడుపులు కూడా ఉండేవి.

లాజరు ఆ వరండాకి అందరూ వెళ్లిపోయాక వచ్చాడు.

అతను కోత మేస్త్రి. కొమ్మ చివరన ఊగే కాయని కూడా తొడిమ చెదరకుండా దించగల మనిషి. తాగి చెట్టెక్కి కిందపడి భుజం విరగ్గొట్టుకున్నాడు. భుజం అతుక్కుంది గానీ బుద్ధి అతుక్కోలేదని భార్య సువార్త ఊరంతా చెప్పుకుని ఏడ్చేది. అలాంటివాడు, ఎవరూ తరమకుండా, తలవంచుకుని వచ్చి నిలబడ్డాడు.

"అక్కా, ఏదో మాత్ర ఉందంటగా. అది మింగితే తాగలేరంట."

ఉంది. అది రోజూ మింగేవాడు చుక్క ముట్టినా ముఖం ఎర్రబడుతుంది, గుండె దడదడలాడుతుంది, వాంతులవుతాయి. ఎక్కువ తాగితే ప్రాణం మీదికి వస్తుంది. మాత్ర మానేసినా కొన్నాళ్లపాటు ఒంట్లో దాని పట్టు పోదు. విజయవాడ డాక్టరు ఈ సంగతంతా లాజరుకి విడమరిచి చెప్పి, ఇంట్లో ఒకరికి తెలియాలి, వాళ్లే దగ్గరుండి మింగించాలి అన్నాడు. లాజరు ఒప్పుకోలేదు. సువార్తకి కూడా చెప్పనన్నాడు. అప్పుడు ప్రేమావతి కల్పించుకుని, "నేను చూసుకుంటాను సార్, మా చర్చి సంఘం వాడే" అంది. డాక్టరు సరేనన్నాడు.

లాజరు ఎందుకు దాచాడో తెలియాలంటే వాళ్ల సంఘం సంగతి తెలియాలి. ప్రతి నెలా మొదటి ఆదివారం గుడిలో సంస్కారపు బల్ల ఉంటుంది. రొట్టె ముక్క, చిన్న గాజు గిన్నెలో గుక్కెడు ద్రాక్షారసం. తాగుబోతుల్ని బల్లకి రానివ్వరు. అందరూ వరసల్లో ముందుకి వెళుతుంటే, ఆపబడినవాడు వెనకాల చాప మీద ఒంటరిగా కూర్చోవాలి. తిట్టకుండా, కొట్టకుండా మనిషిని కోసే పద్ధతి అది. లాజరు ఏళ్ల తరబడి అలా కూర్చున్నాడు. తాగుడు మానినవాడు లేచి సాక్ష్యం చెప్పాలి. ప్రార్థనతో మానానంటే గుడి దద్దరిల్లుతుంది. మాత్రతో మానానన్నవాడికి ఆమెన్లు తక్కువ పడతాయి. విశ్వాసం చాలక మాత్ర పట్టుకున్నాడంటారు.

అందుకని ఎవరికీ చెప్పనని లాజరు ప్రేమావతి చేత ఒట్టేయించుకున్నాడు. రోజూ ఎవరూ లేని వేళ చూసి వచ్చి, మాత్ర మింగి, నోరు తెరిచి చూపించి వెళ్లేవాడు. ఆమె అతనికి అన్నీ చెప్పింది. సారా, బీరు, కల్లు సరే సరి. దగ్గు సిరప్పులు అడగకుండా తాగొద్దంది. గడ్డం గీసుకున్నాక రాసుకునే లోషను కూడా వద్దంది. అతను ప్రతిదానికీ తల ఊపాడు. ఏడాది గడిచింది. ఒళ్లు నిండింది, కళ్లలో ఎరుపు పోయింది. ఎనిమిదో తరగతి చదివే కూతురు ఆరాధన నాన్న సైకిలెక్కి బడికి వెళుతోందని, ఆ దృశ్యం చూడటానికే ప్రేమావతి ఒకరోజు పనిగట్టుకుని సెంటర్లో నిలబడింది. సంఘంలో సాక్ష్యం చెప్పాడు. ప్రార్థన, ప్రార్థన అన్నాడు తప్ప మాత్ర ఊసెత్తలేదు. వెనక కూర్చున్న ప్రేమావతి అందరితోపాటు ఆమెన్ అంది. పాస్టరు అయ్యగారు వచ్చే మొదటి ఆదివారం అతన్ని బల్లకి తీసుకుంటున్నామని ప్రకటించారు.

ఆ బల్ల మీదికి ద్రాక్షారసం చేసేది ప్రేమావతే. అత్తగారి నుంచి వచ్చిన పని అది. వేరే సంఘాల్లో సీసా సిరప్పు నీళ్లలో కలిపి పోస్తారని అత్తగారికి మహా చిన్నచూపు. నల్లద్రాక్ష కడిగి, తుడిచి, జాడీలో ఒక వరస ద్రాక్ష, ఒక వరస పంచదార వేసి, చిదిమి, గుడ్డ కట్టి, వారాల తరబడి మూలన ఉంచేది. రోజూ చెక్క గరిటెతో తిప్పేది. బుడగలు వస్తే "జాడీ ఊపిరి తీస్తోంది, రసం కుదిరింది" అని మురిసిపోయేది. కోడలూ అలాగే చేసింది, అలాగే మురిసింది. ఆ పని దేవుడి పని కాబట్టి, స్నానం చేయకుండా జాడీ ముట్టేది కాదు.

ఆ శనివారం పొద్దున లాజరు వచ్చేసరికి ఆమె వరండాలో కూర్చుని రసం వడకడుతోంది. చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి. "మాత్ర నువ్వే తీసుకో" అంది. తీసుకున్నాడు, మింగాడు, నోరు తెరిచాడు. ఆమె చూసింది. తర్వాత అతనే గుడ్డ రెండో కొస పట్టుకుని పిండటానికి సాయం చేశాడు.

"రేపేగా" అంది ఆమె.

"రేపే అక్కా. సువార్త తెల్లచొక్కా ఉతికి పెట్టింది. భయంగా ఉంది."

"భయమెందుకు? నీ ఇంటికి నువ్వు వెళుతున్నావు."

ఇంతమందికి ఇన్ని జాగ్రత్తలు చెప్పిన మనిషికి, చేతుల నిండా ఆ రసం పూసుకుని కూర్చుని కూడా, అందులో ఏముందో తట్టలేదు. దీపం కిందే చీకటి అంటే ఇదే. ఆమె లెక్కలో తాగుడు సీసాలో ఉంటుంది, షాపులో ఉంటుంది, తోట గట్టు మీద ఉంటుంది. బల్ల మీద ఉండదు. లాజరు లెక్కలోనూ అంతే.

ఆదివారం అతను మొదటి వరసలో మోకాళ్ల మీద నిలబడ్డాడు. రొట్టె తీసుకున్నాడు. గిన్నె ఎత్తి తాగాడు. తిరిగి వచ్చి కూర్చున్నప్పుడు సువార్త ఆడవాళ్ల వైపు నుంచి తల తిప్పి చూసి, కళ్లు తుడుచుకుంది. ఆఖరి పాట మొదలైంది. పాట సగంలో ఉండగా లాజరు మెడ ఎర్రబడింది, తర్వాత ముఖం. చొక్కా తడిసిపోయింది. ఛాతీ పట్టుకుని ముందుకి వంగి, భళ్లున వాంతి చేసుకుని, కూర్చున్న చాప మీదే పక్కకి ఒరిగిపోయాడు.

పాట ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో ఎవరో ఆడమనిషి, "యోగ్యత లేకుండా గిన్నె ముట్టాడు" అంది.

ప్రేమావతి అప్పటికే పరిగెత్తుతోంది. అతని ముఖం చూడగానే ఆమెకి మాత్ర గుర్తొచ్చింది, తర్వాత గిన్నె, ఆ తర్వాత తన జాడీ. అతన్ని పక్కకి తిప్పి, నోరు శుభ్రం చేసి, ఆటోలో వేయించి ఆసుపత్రికి తీసుకెళ్లింది. డాక్టరు చెవిలో మాత్ర సంగతి చెప్పింది. తాగింది గుక్కెడే కాబట్టి గండం గడిచింది. సెలైను ఎక్కించి సాయంత్రానికి ఇంటికి పంపారు.

ఊరి నోరు మూయడానికి మూకుళ్లు లేవు. ముందురోజు రాత్రి పీకలదాకా తాగి, పొద్దున తెల్లచొక్కా వేసుకొచ్చి బల్ల ముట్టాడని, దేవుడు అక్కడికక్కడే కొట్టాడని సోమవారం పొద్దుటికే పేటంతా తెలిసిపోయింది. లాజరు వరండాకి రాలేదు. మంగళవారమూ రాలేదు. ప్రేమావతే వెళ్లింది.

గుమ్మంలో సువార్త బట్టలు సంచిలో కుక్కుతోంది. పక్కన ఆరాధన పుస్తకాల బ్యాగు ఉంది.

"రండి అక్కా. మా వైభోగం చూసిపోదామని వచ్చారా?"

"అతను తాగలేదు సువార్తా."

"మీకెట్టా తెలుసు? మీకు చెప్పి తాగుతాడా ఏంటి?" సువార్త సంచీ మూతి బిగించి కట్టింది. "ఇన్నాళ్లూ తాగినప్పుడు నేనేం చచ్చిపోలేదు. ఈ ఏడాది నమ్మాను చూశారా, ఇప్పుడు చచ్చిపోయా. పెనుగొలను మా అమ్మ దగ్గరికి పోతున్నా. పిల్లని ఇంక ఈ ఊళ్లో తలెత్తుకోనివ్వరు."

ఒక్క మాట చెబితే ఆ సంచీ విప్పేస్తుంది. ఆ ఒక్క మాట చెప్పననే ప్రేమావతి ఒట్టేసింది. అంత నరకం ఆమె ఉద్యోగంలో ఎన్నడూ పడలేదు.

లాజరు పెరట్లో మునగచెట్టు కింద మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ప్రేమావతి మంచం పట్టె మీద కూర్చుని జరిగింది చెప్పింది. అది మాత్ర పని అంది. గిన్నెలోది పులిసిన రసం, అందులో మత్తుంది, చేసింది నేను, తప్పు నాది అంది.

అతను వినలేదు. "బల్ల మీద గిన్నెలో మత్తు ఎందుకుంటదక్కా? నన్ను ఓదార్చడానికి చెబుతున్నావు."

"నా పిల్లల మీద ఒట్టు."

"నేను అందరి ముందు నిలబడి దేవుడొక్కడే మాన్పించాడని చెప్పా. ఒక ముక్క దాచా. దాచినోడు గిన్నె ముడితే ఏమవుద్దో అదే అయింది. మాత్ర కాదక్కా, దేవుడే కొట్టాడు." ఇటు తిరిగాడు. కళ్లలో నీళ్లు లేవు, అదే ఆమెని భయపెట్టింది. "దేవుడే వద్దన్నాక ఇంక ఎవరి కోసం మానాలి? తాగాడనే అంటున్నారుగా. తాగితే పోలా."

"ఇప్పుడు సీసా ముట్టావంటే గుండె ఆగుద్ది లాజరూ. మాత్ర ఇంకా నీ ఒంట్లో ఉంది."

"ఆగితే ఆగనీ."

"పోనీ, సంఘంలో చెప్పేదా?"

"చెప్పమాక. మాటిచ్చావు."

తాగాలని ఉవ్విళ్లూరేవాణ్ణి ఆపడం ఆమెకి తెలుసు. బతకాలని లేనివాణ్ణి ఆపడం తెలియదు. ఇంటికొచ్చి జాడీ మూత తీసి, అడుగున మిగిలిన రసం నాలిక మీద వేసుకుంది. ఇన్నేళ్లుగా తెలిసిన రుచే. తియ్యగా, కాస్త ఘాటుగా, గొంతులో వెచ్చగా దిగింది. ఆ వెచ్చదనమేంటో ఒక్కసారైనా అడగలేదేమని తనని తనే తిట్టుకుంది. విషయం వినగానే జోజిబాబు తల గోక్కున్నాడు. "చిన్నప్పుడు మా అమ్మ చూడకుండా రెండు గ్లాసులు తాగితే ప్రార్థన మధ్యలో నిద్రపోయేవాణ్ణి. పరిశుద్ధాత్మ దిగిందనుకున్నా" అన్నాడు. ఇంకెప్పుడైనా అయితే ఆమె నవ్వేది. ఆ రోజు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

బుధవారం సాయంత్రం గుడిలో కూడిక ఉంటుంది. లాజరు సంగతి అక్కడ తేలుస్తారని తెలుసు. అతను తన మాట నమ్మడు, సంఘం మాట నమ్ముతాడు. అందుకని సంఘానికే చెప్పాలి. కానీ మాత్ర ఊసెత్తకుండా, తనది మాత్రమే చెప్పాలి. జాడీ ఒళ్లో పెట్టుకుని ఆటో ఎక్కింది. లాజరుకి జోజిబాబు చేత కబురు పంపింది, లోపలికి రానక్కర్లేదు, గుమ్మం దగ్గర నిలబడి వింటే చాలని.

కూడిక నిండుగా ఉంది. ప్రార్థన కోసం అంతమంది ఎన్నడూ రాలేదు. సువార్త కూడా ఉంది, కూడిక అయ్యాక ఆఖరి ఆటోకి వెళదామని సంచీ పక్కన పెట్టుకుని. సంఘపెద్ద జెకర్యా మాస్టారు లేచి, లాజరుని బల్ల నుంచి శాశ్వతంగా ఆపాలన్నారు. ఆయన దుర్మార్గుడేం కాదు. బల్లని ప్రాణంలా కాపాడుకునే మనిషి, అంతే. అయ్యగారు ఏమంటారోనని అందరూ చూస్తుండగా ప్రేమావతి లేచి జాడీ తీసుకెళ్లి ముందు పెట్టింది.

"తప్పు నాదండి అయ్యగారూ. ఇందులో ఉన్నది ద్రాక్షారసం కాదు, సారా లాంటిదే. పంచదార వేసి వారాలు ఊరబెడితే మత్తు పుడుతుంది. ఊళ్లోవాళ్లకి పాఠాలు చెప్పే నేను ఇది తెలుసుకోలేదు. నా చేతులతో మీ అందరికీ పోశాను."

కలకలం రేగింది. ఎక్సైజులో కానిస్టేబులుగా చేసి రిటైరైన అంతోనయ్య నింపాదిగా వచ్చి, ఒక చుక్క నాలిక మీద వేసుకుని, పెదవులు చప్పరించి, "సరుకే అయ్యగారూ. మంచి సరుకే" అన్నాడు. ఎవరో కిసుక్కున నవ్వి మానేశారు.

జెకర్యా మాస్టారు నవ్వలేదు. "ఆవిడ అత్తగారి కాలం నుంచీ అందరం తాగుతున్నాం. మా ఎవరికీ ఏం కాలేదే? వాడొక్కడికే ఎందుకైంది?"

ఆ ప్రశ్న వస్తుందని ఆమెకి ముందే తెలుసు. "అది నేను చెప్పేది కాదండి" అంది.

"నువ్వు చెప్పకపోతే ఎవరు చెబుతారు? ముప్పూటలా తాగుడు మాన్పిస్తానని తిరిగేదానివి, దేవుడి బల్ల మీద సారా పోశావు. ఇప్పుడు వాణ్ణి కాయడానికి నాటకమాడుతున్నావు."

అటువైపు నుంచి ఒకరు, ఇటువైపు నుంచి ఒకరు అందుకున్నారు. మా వాణ్ణి ఇంక నీ దగ్గరికి పంపనంది ఒకావిడ. పరిశుద్ధమైనదాన్ని అపవిత్రం చేశావన్నాడొకాయన. తలవంచుకుని అన్నీ పడింది ప్రేమావతి. నోటి దురుసుకి పేరుపడ్డ మనిషి ఒక్కదానికీ బదులు చెప్పలేదు. చెబితే మాత్ర మాట జారుతుందని పళ్లు బిగబట్టి నిలబడింది.

"చాలండి. అక్కనేం అనమాకండి."

గుమ్మం దగ్గర చెప్పుల మధ్య నిలబడి ఉన్నాడు లాజరు. గడ్డం మాసి ఉంది. అక్కడి నుంచే మాట్లాడాడు.

"నేను రోజూ మాత్ర మింగుతున్నా. ఏడాది నుంచీ. అది మింగినోడు మత్తు ముడితే అట్టా అవుద్ది. చెప్పొద్దని అక్క చేత ఒట్టేయించుకుంది నేనే."

జెకర్యా మాస్టారు మెల్లగా, "అంటే నువ్వు చెప్పిన సాక్ష్యం అబద్ధమేగా?" అన్నారు.

"సగమండి" అన్నాడు లాజరు. "ప్రార్థన కూడా చేశా. మాత్ర చేతిలో పెట్టుకుని రోజూ చేశా, దేవా ఇది మింగే మనసియ్యి అని. ఆ మనసు మాత్ర ఇవ్వలేదండి."

అయ్యగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. జాడీ చేత్తో పట్టుకుని బయటికి వెళ్లి, గుడి వెనక కాలవలో తనే పారబోసి వచ్చారు. ఇక నుంచి బల్లకి ఆ పూట పిండిన రసమే వాడతామని, లాజరు విషయంలో సంఘం తొందరపడిందని అన్నారు. కొందరు ఒప్పుకున్నారు. జెకర్యా మాస్టారు ఒప్పుకోలేదు, ఆమెతో మాట్లాడటం మానేశారు. తర్వాతి వారాల్లో ప్రేమావతి వరండాకి వచ్చేవాళ్లు సగానికి పడిపోయారు.

అంతా చల్లబడిందనుకుంటే, అసలైన దెబ్బ సువార్త చేతిలో తగిలింది. ఆ రాత్రే గుడి బయట ఆమె ప్రేమావతి ఎదురుగా వచ్చి నిలబడింది.

"ఏడాదంతా ఆయన నోట్లోకి చూశారుగా మీరు. ఆయన పెళ్లాన్ని, నాకు చెప్పాలని అనిపించలేదా? ఒక్క పొద్దయినా?"

"ఒట్టేశాను సువార్తా."

"ఆయన భయపడి అడిగాడు. మీకేమైంది? నువ్వెళ్లి మీ ఆవిడకి చెప్పు, అప్పుడే ఇస్తానని అనలేకపోయారా?"

డాక్టరు చెప్పింది అదే. నేను చూసుకుంటానని ఎగబడి చేతిలోకి తీసుకున్నది ప్రేమావతి. మంచి చేస్తున్నాననే ధీమాలో ఒక ఆడమనిషి స్థానంలో వెళ్లి కూర్చుంది. జాడీ తప్పు తెలియక చేసింది. ఇది తెలిసి చేసిందని ఆ క్షణంలో అర్థమైంది. సువార్త కూతుర్ని తీసుకుని పెనుగొలను ఆటో ఎక్కేసింది.

లాజరు మర్నాటి నుంచి మళ్లీ వరండాకి వచ్చాడు, ఈసారి అందరూ ఉన్న వేళే. మాత్ర మింగేవాడు. ఎక్కువ మాట్లాడేవాడు కాదు. ఇంట్లో పొయ్యి వెలగడం లేదని, సెంటర్లో ఇడ్లీ తిని పనికి పోతున్నాడని జోజిబాబు చూసొచ్చి చెప్పాడు. ఎన్నాళ్లు నిలబడతాడు అనేది ప్రేమావతి బెంగ. మాత్ర తాగుణ్ణి ఆపుతుంది, అంతే. పొయ్యి వెలిగించదు. ఆదివారాలు ఆటోలో పెనుగొలను వెళ్లింది. మొదటిసారి సువార్త తలుపు తీయలేదు. రెండోసారి తీసి, మంచినీళ్లిచ్చి, ఎదురుగా కూర్చుంది. ప్రేమావతి క్షమించమని అడిగి, మాత్ర గురించి డాక్టరు తనకి చెప్పినదంతా సువార్తకి పూసగుచ్చినట్టు చెప్పి వచ్చేసింది. రమ్మని అడగలేదు. అడిగే హక్కు తనకి లేదనుకుంది.

తర్వాతి నెల మొదటి ఆదివారం వచ్చింది. పొద్దున్నే పాస్టరమ్మగారు ద్రాక్ష పిండారు. మగవాళ్ల వరసలో లాజరు అందరికన్నా ఆఖరున వెళ్లి మోకరించాడు. రొట్టె తీసుకున్నాడు. అయ్యగారు గిన్నెల పళ్లెం ముందు పెట్టారు. లాజరు చెయ్యి లేచింది గానీ గిన్నె దాకా వెళ్లలేదు, గాలిలోనే ఆగిపోయింది. అయ్యగారు "తాజా రసమే బాబూ" అని మెల్లగా అన్నారు. అతను తల ఊపాడు. చెయ్యి మాత్రం ముందుకి పోలేదు. ముఖం మీద చెమట పట్టింది. గుడి అంతా చూస్తోంది. అతను వెనక్కి తిరిగి లేచి వెళ్లిపోతే మళ్లీ ఎన్నటికీ ఇక్కడికి రాడని ప్రేమావతికి తెలుసు. వెళ్లి పక్కన నిలబడాలని కాళ్లు కదిలాయి. బలవంతంగా ఆపుకుంది.

ఆడవాళ్ల వైపు ఆఖరి వరసలో ఎవరో లేచారు. సువార్త. ఎప్పుడొచ్చి కూర్చుందో ఎవరూ చూడలేదు. మగవాళ్ల వరసలోకి ఆడవాళ్లు రావడం ఆ గుడిలో లేదు. ఆమె ఎవరి వైపూ చూడకుండా నడిచి వచ్చి, భర్త పక్కన మోకాళ్లు వేసి, పళ్లెంలోంచి గిన్నె తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. కాపురానికి వచ్చినప్పటి నుంచీ ప్రతి పొద్దుగూకా గుమ్మంలో నిలబడి ఆ మనిషి నోరు వాసన చూసిన ఆడది. మత్తు వాసన ఆమె కన్నా బాగా తెలిసినవాళ్లు ఆ గుడిలో ఎవరున్నారు? ఒకసారి వాసన చూసింది, కళ్లు మూసుకుని మళ్లీ చూసింది.

తర్వాత గిన్నె అతని చేతిలో పెట్టి, ఆ చేతిని తన చేత్తో పట్టుకుంది.

"ఏం లేదయ్యా. తాగు" అంది.

లాజరు తాగాడు.